తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి: మా హైస్కూలు ప్రాజెక్టు డైరీ

గుంటూరు–తెనాలి రోడ్డు మీద ఉన్న ఒక జెడ్పీ హైస్కూలుకి నేను హెచ్.ఎం.ని. చేరి ఏడాదైంది. ఈ విద్యాసంవత్సరం ఒక్క పని మీద గట్టిగా కూర్చోవాలనుకున్నాను. బడికి వచ్చిన డిజిటల్ పరికరాలు గోడలకీ బీరువాలకీ పరిమితమైపోకుండా వాటితో నిజంగా పాఠం జరగాలి. దానికి హెచ్.ఎం. ఏం చేయాలో నాకు పూర్తిగా తెలియదు కాబట్టే రాసుకుంటూ వెళ్లాను. మరో బడిలో మరొకరికి పనికొస్తుందని ఆశ.

జూన్ 12, 2025, గురువారం

మృగశిర కార్తె వచ్చినా ఎండ తగ్గలేదు. ఇవాళ బడి తెరిచాం. పిల్లలు రాకముందే వచ్చి గదులన్నీ తిరిగాను. మాకు ఐదు ఐఎఫ్‌పీలు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెరలు, ఉన్నాయి. బడుల్ని బాగుచేసే అప్పటి ప్రభుత్వ పథకం నాడు–నేడు కింద 2023లో బిగించినవి. ఐదింటికీ పూల కర్టెన్ గుడ్డతో కుట్టించిన ముసుగులు. ఎనిమిదో తరగతి గదిలో ముసుగు తీసి చూస్తే తెర తళతళలాడుతోంది గానీ చుట్టూ ఫ్రేము అంచుల్లో చాక్‌పీసు పొడి గట్టిగా పేరుకుని ఉంది. రిమోట్లు, పెన్నులు ఆఫీసు బీరువాలో. బీరువా తాళంచెవి నా టేబుల్ సొరుగులో.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక్కొక్కరినీ అడిగాను, పోయినేడాది ఎన్నిసార్లు వాడారని. ఫిజికల్ సైన్స్ మాస్టారు కొంచెం ఎక్కువ. సోషల్ మేడమ్ నాలుగైదు సార్లు. మాథ్స్ మాస్టారు, తెలుగు మేడమ్ అసలు లేదు. ఎందుకని అడిగితే అందరూ మర్యాదకి టైమ్ లేదన్నారు. మాథ్స్ మాస్టారు మాత్రం ఉన్నమాట అన్నారు. "స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న వస్తువు మేడమ్ అది. రేపు నా పీరియడ్‌లో పగిలితే ఎవరు కట్టాలి? రిటైర్మెంటుకి మూడేళ్లుంది. పెన్షన్ కాగితాల మీద ఆ మచ్చ నాకెందుకు?"

రాత్రి ఆ మాటే తిరుగుతోంది. రిమోట్ అడగడానికి వచ్చిన ప్రతివాళ్లకీ పోయినేడాది ఇస్తూ ఇస్తూ నేను "జాగ్రత్త మాస్టారూ" అనేదాన్ని. ఆ మాట విన్నవాళ్లు రెండోసారి అడగడానికి రాలేదు.

జూన్ 16, సోమవారం

స్టాఫ్ మీటింగ్. మినిట్స్ బుక్‌లో నా చేతిరాతతో ఒక తీర్మానం రాశాను: "తరగతిలో పాఠం చెబుతుండగా గానీ, పాఠానికి సిద్ధమవుతుండగా గానీ డిజిటల్ పరికరాలకు నష్టం జరిగితే సంజాయిషీ ఇచ్చే బాధ్యత ప్రధానోపాధ్యాయురాలిది. ఉపాధ్యాయులది కాదు." కింద సంతకం, ముద్ర.

మాథ్స్ మాస్టారు చదివి, పక్కనున్న ఆయనకి ఇచ్చి, మళ్లీ తీసుకుని చదివారు. ఏమీ అనలేదు.

బీరువా తాళంచెవి తీసుకెళ్లి స్టాఫ్ రూమ్‌లో గడియారం కింద మేకుకి తగిలించాం. ఎవరు తీసుకున్నా సంతకం అక్కర్లేదు. అటెండర్‌కి ఇది అస్సలు నచ్చలేదు, వస్తువు పోతే తన మీదకి వస్తుందని. ఆయన పేరు కూడా తీర్మానంలో చేర్చాను. నాకు తట్టాల్సిన విషయం, ఆయన అడిగితే గానీ తట్టలేదు.

జూన్ 20, శుక్రవారం

ధైర్యం వచ్చింది, పరికరం మొరాయించింది. ఏడో తరగతి తెర మీద ఎవరూ ముట్టుకోకుండానే గీతలు పడుతున్నాయి. ఒకచోట వేలు పెడితే మరోచోట తెరుచుకుంటోంది. ఆరో తరగతి గదిలో ఫ్రేము ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోందని సోషల్ మేడమ్ చెప్పారు. వెంటనే ఆ గదిలో మెయిన్ ఆఫ్ చేయించి, ఊళ్లో కరెంటు పని చేసే అతన్ని పిలిపించాను.

అతను ముందు తెర జోలికి పోలేదు. బయటికి వెళ్లి గోడ వారన మోకాళ్ల మీద కూర్చుని ఎర్త్ గుంత (లీకైన కరెంటుని భూమిలోకి పంపే వైరు దిగే గుంత) మూత ఎత్తాడు. లోపల మట్టి నెర్రెలిచ్చి ఉంది. "ఎండాకాలం అంతా చుక్క నీళ్లు పడలా మేడమ్. ఎర్త్ ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నాడు. ఉప్పు, బొగ్గు తెప్పించి గుంత నింపి నాలుగు బకెట్ల నీళ్లు పోశాడు. వదులైన వైరు బిగించాడు. మీటరు పెట్టి చూసుకుని, ఆ తర్వాతే మెయిన్ వేశాడు. జిల్లుమనడం పోయింది.

గీతల సంగతి ఫిజికల్ సైన్స్ మాస్టారు తేల్చారు. ఈ తెరలు ఫోను తెరల్లాంటివి కావట. ఫ్రేము నాలుగు వైపులా కంటికి కనిపించని పరారుణ కిరణాలు ఒక అంచు నుంచి ఎదుటి అంచుకి వెళ్తుంటాయి. వేలు అడ్డొచ్చిన చోట కిరణం ఆగుతుంది, అదే స్పర్శ అనుకుంటుంది యంత్రం. అంచులో చాక్‌పీసు పొడి పేరుకుంటే అదీ కిరణాన్ని ఆపుతుంది. ఎవరో వేలు పెట్టారని దానికి భ్రమ. పక్కనే బోర్డు మీద సుద్దతో రాస్తూ, తుడుస్తూ ఉంటాం కదా, పొడి అంతా అక్కడికే చేరుతుంది.

తడి లేని మెత్తని గుడ్డ, పాత పెయింట్ బ్రష్ ఇచ్చి ఇద్దరు పిల్లల్ని పెట్టాం. తెర ఆపేసి, నాలుగు అంచులూ పైనుంచి కిందికి దులిపారు. పది నిమిషాల పని. రెండేళ్లుగా "టచ్ పాడైంది" అని మూలన పడేసిన తెర మళ్లీ పని చేసింది. ఇప్పుడు తరగతికి ఇద్దరు చొప్పున శనివారం డ్యూటీ. ఎర్త్ గుంతలో వారానికి రెండు బకెట్ల నీళ్లు, అదీ డ్యూటీయే.

ట్రైనింగుల్లో నేను చాలా పీపీటీలు చూశాను. ఎర్త్ గుంత గురించి ఒక్క స్లైడూ చూడలేదు.

జూన్ 28, శనివారం

టైమ్ లేదన్న మాట మర్యాదకి అన్నదైనా అందులో నిజం ఉంది. అటెండెన్సు ఫోన్లో, భోజనం లెక్క ఫోన్లో, మార్కులు ఫోన్లో. మా టీచర్లకి డిజిటల్ అంటే ఇప్పటిదాకా పాఠం కాదు, నింపాల్సిన కాలమ్‌లు. వాళ్లని "టెక్నాలజీ వాడండి" అంటే ఇంకో బరువు వేస్తున్నానని అనుకోరా?

టైమ్ టేబుల్ ముందేసుకుని కూర్చున్నాను. పైనుంచి వచ్చే పనిని నేను తగ్గించలేను. మా బడిలో మేమే పెట్టుకున్న రిజిస్టర్లు మాత్రం నా చేతిలోనివే. యాప్‌లో ఉన్న లెక్కనే మళ్లీ కాగితం మీద రాయిస్తున్నవి మూడు దొరికాయి, తీసేశాను. బుధవారం చివరి పీరియడ్‌ని సాధనకి కేటాయించాను. ఒక వారం సగం మంది టీచర్లు, మరుసటి వారం మిగిలిన సగం. ఆ పీరియడ్‌లో పి.డి. మాస్టారు రెండు తరగతుల్ని గ్రౌండ్‌కి తీసుకెళ్తారు, లైబ్రరీలో ఒక తరగతి చదువుకుంటుంది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. పోయినేడాదే చేసి ఉండాల్సింది.

జూలై 2, బుధవారం

మొదటి సాధన పీరియడ్. ముందు నేనే పాఠం చెప్పాను. నాది బయాలజీ. ఎనిమిదో తరగతి కణం పాఠం తీసుకుని, టీచర్లని పిల్లల బెంచీల్లో కూర్చోబెట్టాను. ఉల్లిపొర బొమ్మ తెర మీద పెద్దది చేసి చూపిస్తుండగా కరెంటు పోయింది. అందరూ నా వైపు చూశారు. చాక్‌పీసు తీసుకుని అదే బొమ్మ బోర్డు మీద వేసి, ఆగిన చోటి నుంచి సాగించాను. ఐదు నిమిషాలకి కరెంటు వచ్చింది. తెర ఆన్ అయ్యేదాకా ఆగకుండా పాఠం పూర్తి చేశాను.

తర్వాత తెలుగు మేడమ్ అన్నారు, "మధ్యలో ఆగిపోతే పిల్లల ముందు ఏం చేయాలో తెలీక నేను ముట్టుకోలేదండీ. ఇలా చేస్తే సరిపోతుందన్నమాట." నేను కణం గురించి ఏం చెప్పానో ఎవరికీ గుర్తులేకపోయినా ఇవాళ్టి పీరియడ్ వృథా పోలేదు.

జూలై 10, గురువారం

రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. మా బడికీ తల్లిదండ్రులు బాగా వచ్చారు. మా ఊరి తల్లుల్లో చాలామంది గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తారు. ఒకపూట కూలి వదులుకుని వచ్చారు.

ఇప్పుడు పదో తరగతిలో ఉన్నవాళ్ల దగ్గర ట్యాబ్‌లు ఉన్నాయి. ఎనిమిదిలో ఉండగా, 2023 డిసెంబరులో ప్రభుత్వం ఇచ్చినవి. ఒక తల్లి లేచింది.

"మేడమ్ గారూ, మావాడు రాత్రి పదకొండింటి దాకా దాన్లోనే మొహం పెట్టుకుని కూర్చుంటాడండి. అడిగితే చదువుకుంటున్నానంటాడు. మాకేం తెలుస్తుందండి, చదువో ఆటో?"

నాలుగు వైపుల నుంచీ అదే మాట. ఫోను, ట్యాబు కలిసి పిల్లల నిద్ర తినేస్తున్నాయని ఒక తండ్రి గట్టిగా అన్నాడు. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఉన్నట్టు మాట్లాడితే వాళ్లు మళ్లీ అడగరు.

"ఏం చేద్దామమ్మా, మీరే చెప్పండి" అన్నాను. గంటసేపు మాట్లాడుకున్నాం. చివరికి వాళ్లే తేల్చారు: ట్యాబ్‌లు బడిలోనే ఉంటాయి, చార్జింగు బడిలోనే, ఇంటికి శనివారం మాత్రమే. ఒప్పుకున్నవాళ్లు సంతకాలు పెట్టారు. ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్ల పిల్లల ట్యాబ్‌లు వాళ్ల దగ్గరే ఉంచాం. నలభై ఒక్కింటిలో పని చేస్తున్నవి ఇరవై ఆరు. అద్దం పగిలినవి, చార్జింగు ఎక్కనివి మిగతావి.

జూలై 24, గురువారం

ఎనిమిదో తరగతికి మాథ్స్ మాస్టారు చిన్న పరీక్ష పెట్టారు. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించాలి. ముప్పై ఎనిమిది మందిలో సరిగ్గా చేసింది పదిహేడు మంది. ఆయన కాగితాలు నా టేబుల్ మీద పెట్టి కూర్చున్నారు. "బీజగణితం చెబుతున్నాను మేడమ్ వీళ్లకి."

ఆ రాత్రి నేను చదివిన రెండు అధ్యయనాలు ఇక్కడ రాసుకోవాలి. పెరూ దేశంలో పిల్లవాడికో ల్యాప్‌టాప్ చొప్పున ఇచ్చారు. పల్లెటూరి బడులు 319 తీసుకుని ఏడాది పైన చూశారు. కంప్యూటర్లు వచ్చాయి, పిల్లలు వాడారు, లెక్కల్లో గానీ భాషలో గానీ చదువు మాత్రం పెరగలేదు. రెండోది ఢిల్లీలో జరిగింది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ 2019లో ప్రచురించారు. 619 మంది పిల్లలు, నాలుగున్నర నెలలు. అక్కడ లెక్కల్లోనూ హిందీలోనూ మంచి ఫలితం కనిపించింది. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడో చూడదు, నిజంగా ఎక్కడ ఆగిపోయాడో కనుక్కుని అక్కడి నుంచి మొదలుపెడుతుంది. పైగా బడి బయట, చిన్న గుంపుల్లో మనుషుల సాయం కూడా ఉంది.

మా దగ్గర అలాంటి సాఫ్ట్‌వేర్ లేదు. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో మాస్టారికి తెలుసు, పని చేసే ట్యాబ్‌లు ఇరవై ఆరు ఉన్నాయి. "మీరే చెప్పి రికార్డు చేస్తే?" అన్నాను. "నా మొహం ఎవరు చూస్తారు మేడమ్" అన్నారు. "మొహం వద్దు మాస్టారూ, చేయి, గొంతు చాలు."

ఆగస్టు 12, మంగళవారం

మాస్టారు పదకొండు వీడియోలు చేశారు. స్టూలు మీద స్టూలు పెట్టి, ఫోనుని రబ్బరు బ్యాండ్లతో కట్టి, కింద పలక మీద చాక్‌పీసుతో భాగహారం. ఒక్కోటి నాలుగు నిమిషాలు. ఎక్కాల దగ్గర ఆగినవాళ్లకి వేరు, శేషం దగ్గర తప్పేవాళ్లకి వేరు, భాగఫలంలో సున్నా మర్చిపోయేవాళ్లకి వేరు. 624ని 6తో భాగిస్తే 14 అని రాసేవాళ్లు మా దగ్గర చాలామంది. మధ్యలో సున్నా ఎందుకొస్తుందో ఆయన మూడు రకాలుగా చూపించారు. నెట్ అక్కర్లేకుండా అన్నీ ట్యాబ్‌ల్లోకి ఎక్కించాం. పదో తరగతి పిల్లలు నాలుగో పీరియడ్‌లో తమ ట్యాబ్‌లు ఎనిమిదికి ఇస్తారు.

వెనక బెంచీ దగ్గర నిలబడి చూశాను. ఒక పాప సున్నా వీడియోని అక్కడికక్కడే వెనక్కి తిప్పుతోంది. ఐదు సార్లు లెక్కపెట్టాను. ప్రతిసారీ ఆపి, నోట్సులో ఒక గీత గీసి, మళ్లీ వింటోంది. ఆరోసారికి నవ్వింది. ఎందుకమ్మా అన్నిసార్లు అని అడిగితే చెప్పింది: "క్లాసులో మళ్లీ చెప్పండని అడగాలంటే భయం మేడమ్. అందరూ చూస్తారు. ఇందులో మాస్టారు విసుక్కోరు."

మాస్టారు పక్కనే ఉన్నారు, విన్నారు. సాయంత్రం నాతో, "నేను ముప్పై ఏళ్లుగా విసుక్కుంటున్నానా మేడమ్?" అన్నారు. విసుక్కునే మనిషి కాదాయన. ఆ మాట చెప్పాను. నిజమే చెప్పాను. కానీ పిల్లకి అలా అనిపించిందన్నదీ నిజమే, మేమిద్దరం దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.

సెప్టెంబరు 3, బుధవారం

సాధన పీరియడ్‌లో ఫిజికల్ సైన్స్ మాస్టారు వంతు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీదే చేసి చూసే ప్రయోగాలు) ఉచితం, పెన్‌డ్రైవ్‌లో దింపుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. పదో తరగతి విద్యుత్ పాఠానికి వాటిలోంచి సర్క్యూట్ కిట్ తెచ్చారు. కానీ ముందు తెర ఆన్ చేయలేదు. నిజం బ్యాటరీ, నిజం బల్బు, వైరు పిల్లల చేతికిచ్చి వెలిగించమన్నారు. వెలిగాక అడిగారు, "బల్బు దాటాక కరెంటు తగ్గుతుందా?" గది అంతా ఒకే గొంతుతో "తగ్గుతుంది సార్, బల్బు వాడేసుకుంటుంది కదా" అంది.

అప్పుడు తెర మీద అదే సర్క్యూట్ కట్టారు. అందులో ఎలక్ట్రాన్లు చిన్న చిన్న నీలం గుండ్లలా కదులుతూ కనిపిస్తాయి. బల్బుకి ముందు ఎంత వేగమో తర్వాతా అంతే వేగం. అంతా నిశ్శబ్దం. ఒకడు లేచి తెర దగ్గరికెళ్లి రెండు వైపులా వేలు పెట్టి లెక్కపెట్టాడు. మరి బల్బుకి వెలుగెలా వచ్చింది సార్ అన్నాడు. ఆ ప్రశ్న దగ్గర గంట కొట్టారు. మాస్టారు జవాబు చెప్పకుండా రేపటికి ఉంచారు. నిజం బల్బు లేకుండా ముందే తెర చూపించి ఉంటే ఆ ప్రశ్న రాదని నా నమ్మకం.

తెలుగు మేడమ్ ఇప్పటికీ ఐఎఫ్‌పీ ఎక్కువ వాడరు. పిల్లలు పద్యం చదువుతుంటే ఫోన్లో రికార్డు చేసి వాళ్లకే వినిపిస్తున్నారు, ఎక్కడ ఊపిరి ఆగిందో వాళ్లే పట్టుకుంటున్నారు. అది చాలు. అందరూ అన్నీ వాడాలని నేను అడగను.

సెప్టెంబరు 17, బుధవారం

నేను చేసిన తప్పు రాయాలి. ఆగస్టులో ఒక వాడకం రిజిస్టర్ పెట్టాను. ఏ గది, ఏ పీరియడ్, ఎన్ని నిమిషాలు. విజిట్‌కి ఎవరైనా వస్తే ముందడిగేది ఆ నిమిషాలే, అందుకని. నెల తిరిగేసరికి నిమిషాలు బాగా పెరిగాయి. సంతోషించి గదులు చూడటానికి వెళ్తే రెండు గదుల్లో వీడియో నడుస్తోంది, పిల్లలు తెరవైపు మొహాలు పెట్టి కూర్చున్నారు, టీచర్లు నోట్సులు దిద్దుకుంటున్నారు. తప్పు వాళ్లది కాదు. నేను నిమిషాలు అడిగాను, వాళ్లు నిమిషాలు ఇచ్చారు.

రిజిస్టర్ ఆపేశాను. ఇప్పుడు బుధవారం కూర్చున్నప్పుడు ఒక్కటే అడుగుతున్నాను: ఈ వారం పిల్లలకి ఏది అర్థం కాలేదు, దానికి ఏం ప్రయత్నించారు? తెర మాట వస్తే వస్తుంది, లేకపోతే లేదు. విజిట్‌కి వచ్చినవాళ్లు నిమిషాలు అడిగితే ఎనిమిదో తరగతి భాగహారం కాగితాలు చూపిస్తాను.

అక్టోబరు 23, గురువారం

మెగా డీఎస్సీలో ఎంపికై ఈ నెలలోనే చేరిన ఇంగ్లిష్ టీచరమ్మ మూడో పీరియడ్ మధ్యలో నా గదికి వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. ఏడో తరగతి ఐఎఫ్‌పీ ప్లగ్ పెట్టగానే టప్‌మని చప్పుడై ఆగిపోయిందట. "నా వల్లే మేడమ్. ప్రొబేషన్‌లో ఉన్నాను. ఎంతైనా కట్టేస్తాను మేడమ్, పైకి మాత్రం రాయకండి" అంటూ ఏడ్చేసింది.

నేను మాట్లాడేలోపే మాథ్స్ మాస్టారు మినిట్స్ బుక్ తీసుకుని వచ్చారు. స్టాఫ్ రూమ్‌లో విన్నారట. జూన్ 16 పేజీ తీసి ఆ అమ్మాయి ముందు పెట్టి, "చదువమ్మా" అన్నారు.

స్టాక్ రిజిస్టర్‌లో నా పేరు మీదే రాశాను: పాఠం సమయంలో పని ఆగింది, కారణం పరిశీలించాలి. రిపేరుకి కంప్లయింట్ పెట్టాను. కరెంటు అతను వచ్చి చూసి ఆ ప్లగ్ బోర్డు లోపల మాడిపోయి ఉందని చూపించాడు. బోర్డు మార్చాడు. తెర లోపలి సంగతి తన చేతిలో లేదన్నాడు. నాకూ టెన్షన్‌గానే ఉంది, ఖరీదైన వస్తువు, పైనుంచి ఏమంటారోనని. అయినా ఆ సంతకం ఇవాళ్టి కోసమే పెట్టాను.

ఆమె ఐదో పీరియడ్‌లో ఎనిమిదో తరగతి గదిలో తెర ఆన్ చేసింది. వరండాలోంచి చూసి వచ్చేశాను.

నవంబరు 12, బుధవారం

భాగహారం పరీక్ష మళ్లీ పెట్టాం. అవే ముప్పై ఎనిమిది మంది. ముప్పై ఒక్కరు సరిగ్గా చేశారు. వీడియోల వల్లా, మాస్టారు రోజూ సాయంత్రం పది నిమిషాలు ఎక్కువ కూర్చోవడం వల్లా, రెండూనా, విడదీసి చెప్పలేను. మిగిలిన ఏడుగురిలో ముగ్గురికి ఎక్కాలే రావు, ఇద్దరు మిర్చి సీజను పనులకని నెలలో సగం రోజులు రారు. వాళ్లకి ఏ వీడియో చాలదు. వాళ్ల ఇళ్లకి ఈ ఆదివారం నేనూ మాస్టారూ వెళ్తున్నాం.

ఏడో తరగతి తెర ఇంకా రిపేరు కాలేదు. రెండోసారి గుర్తుచేస్తూ లెటర్ పెట్టాను. అప్పటిదాకా ఆ తరగతి మంగళ, శుక్రవారాల్లో ఆరో తరగతి గదికి మారుతోంది.

ఇంకో పని మిగిలింది. నాకు బదిలీ అయితే బుధవారం పీరియడ్ ఉంటుందా, తాళంచెవి మళ్లీ సొరుగులోకి పోతుందా అని మాస్టారు అడిగారు. పేరెంట్స్ కమిటీ తీర్మానంగా రాయించాలని ఇద్దరం అనుకున్నాం. చైర్మన్ గారు సోమవారం వస్తానన్నారు.

ఎర్త్ గుంత డ్యూటీ ఈ నెల తొమ్మిదో తరగతిది. ఇవాళ రెండు బకెట్లు పోశారు.